కెర్నెల్‌లో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ: కాసాన్, కెఫెన్స్, స్లబ్ డీబగ్‌లలో ఏది మేలు?

కెర్నెల్ మెమరీ బగ్గుల్లో మనిషిని బాగా ఏడిపించేది యూజ్ ఆఫ్టర్ ఫ్రీ, అంటే వదిలేసిన మెమరీని మళ్లీ వాడటం. ఒక డ్రైవర్ కెమాలక్‌తో కొంత మెమరీ తీసుకుంటుంది, పనయ్యాక కెఫ్రీతో వదిలేస్తుంది. కానీ ఎక్కడో ఒక టైమర్ దగ్గర ఆ పాత పాయింటర్ మిగిలిపోతుంది. ఈలోపు ఆ చోటు ఇంకెవరికో దక్కుతుంది. టైమర్ వచ్చి అందులో రాస్తే పాడయ్యేది వాళ్ల డేటా. తప్పు నెట్‌వర్క్ డ్రైవర్‌ది, కూలేది ఫైల్ సిస్టమ్. ఊప్స్‌లో (కెర్నెల్ ఇచ్చే క్రాష్ రిపోర్ట్‌లో) కనిపించిన ఫంక్షన్‌ని పట్టుకుని ఎంతసేపు కూర్చున్నా ఏమీ తేలదు.

దీన్ని ఫిక్స్ చేయాలంటే మూడు సంగతులు తెలియాలి: ఆ మెమరీని ఎవరు తీసుకున్నారు, ఎవరు వదిలారు, వదిలాక ఎవరు ముట్టుకున్నారు. లైనక్స్‌లో ఇందుకున్న సాధనాలు కాసాన్, కెఫెన్స్, స్లబ్ డీబగ్. వీటిలో ఆ మూడు సంగతులనూ ఒకేచోట చూపించేదే నా దృష్టిలో మేలైనది. ఎంత వేగంగా నడుస్తుందన్నది ఆ తర్వాతి లెక్క.

స్లబ్ డీబగ్ (కెర్నెల్‌లో మెమరీని పంచిపెట్టే స్లబ్ అనే భాగంలోనే ఉన్న చెకింగ్) వీటిలో పాతది. కెర్నెల్‌ని మళ్లీ కంపైల్ చేయక్కర్లేదన్నది దీనికున్న పెద్ద సుగుణం. చాలా డిస్ట్రోల కెర్నెల్‌లో ఆ కోడ్ ముందే ఉంటుంది, బూట్ లైనులో ఎఫ్, జెడ్, పి, యు అనే అక్షరాలు ఇస్తే చాలు. పి పెడితే వదిలేసిన ఆబ్జెక్ట్‌ని (అలా తీసుకున్న మెమరీ ముక్కని) హెక్స్‌లో 6బి అనే బైట్‌తో నింపేస్తుంది. క్రాష్‌లో ఏదైనా రిజిస్టర్ నిండా 6బి 6బి 6బి కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు, వదిలేసిన మెమరీలోంచి పాయింటర్ చదివి దాని వెంట పోయారన్నమాట. యు పెడితే ఎవరు తీసుకున్నారో, ఎవరు వదిలారో కూడా రాసుకుంటుంది. మొత్తం సిస్టమ్‌ని నెమ్మది చేయకుండా అనుమానం ఉన్న ఒక్క క్యాష్‌కే (ఒకే సైజు ఆబ్జెక్టులు ఇచ్చే మెమరీ గుంపుకే) దీన్ని పెట్టుకోవచ్చు. డీబగ్ పెట్టిన క్యాష్ వేరే క్యాషులతో కలిసిపోదు కాబట్టి అనుమానితుల సంఖ్య కూడా తగ్గుతుంది.

చిక్కల్లా రాతల దగ్గర. వదిలేసిన చోట ఎవరో రాస్తే, ఆ సంగతి స్లబ్ డీబగ్‌కి అప్పుడే తెలియదు. ఆ ఆబ్జెక్ట్‌ని తర్వాత ఎవరికైనా ఇవ్వబోయేటప్పుడు 6బి చెరిగిపోయిందని గమనించి గోల చేస్తుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టే. తీసుకున్నవాడి పేరు ఉంటుంది, వదిలినవాడి పేరు ఉంటుంది, అసలు రాసినవాడు మాత్రం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు.

కాసాన్‌కి ఆ బాధ లేదు. 2015లో 4.0 కెర్నెల్‌తో వచ్చిన ఈ సాధనం కంపైల్ చేసేటప్పుడే దాదాపు ప్రతి లోడ్‌కీ, స్టోర్‌కీ ముందు ఒక చెక్ పెట్టిస్తుంది. దీని జెనెరిక్ మోడ్‌లో ప్రతి 8 బైట్ల మెమరీకి దాని స్థితి రాసుకునే ఒక షాడో బైట్ ఉంటుంది. అది 0 అయితే 8 బైట్లూ వాడుకోవచ్చు, 1 నుంచి 7 మధ్య ఉంటే మొదటి అన్ని బైట్లే వాడాలి, ఎఫ్‌బి అని ఉంటే అది వదిలేసిన ఆబ్జెక్ట్. పైగా కెఫ్రీ చేసిన వెంటనే ఆ చోటుని ఇంకెవరికీ ఇవ్వకుండా కొంతకాలం క్వారంటైన్‌లో ఉంచుతుంది. దాంతో తప్పు చేసినవాడు చేస్తుండగానే దొరుకుతాడు.

దీని రిపోర్ట్ చదవడం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పైన స్లాబ్ యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అనీ, ఫలానా ఫంక్షన్ ఇన్ని బైట్లు చదివిందనో రాసిందనో ఉంటుంది. దాని కింద మూడు కాల్ ట్రేసులు: ముట్టుకున్నది, తీసుకున్నది, వదిలింది. చాలామంది మొదటిదాని దగ్గరే ఆగిపోయి అక్కడొక నల్ చెక్ పెట్టేస్తారు. నేనైతే ముందు మూడోది చదువుతాను, ఎందుకంటే ఫిక్స్ ఎక్కువగా ఆ చుట్టుపక్కలే ఉంటుంది. ఇంకాస్త కిందకి వెళ్తే 256 బైట్ల ఆబ్జెక్ట్‌లో 40వ బైట్ దగ్గర అన్నట్టు ఒక వరుస కనిపిస్తుంది. పాహోల్‌తో (స్ట్రక్చర్‌లో ఏ ఫీల్డ్ ఎక్కడుందో చూపించే టూల్‌తో) ఆ స్ట్రక్చర్‌ని తెరిస్తే 40 దగ్గర ఏ ఫీల్డ్ ఉందో తెలిసిపోతుంది. అది టైమర్ ఫీల్డ్ అయితే ఇంకేం వెతకాలి? మామూలుగా మొదటి రిపోర్ట్ ఒక్కటే ఇస్తుందని మాత్రం గుర్తుంచుకోవాలి. అన్నీ కావాలంటే మల్టీ షాట్ ఆప్షన్ ఇవ్వాలి.

ఖర్చూ తక్కువేమీ కాదు. షాడోకే మెమరీలో ఎనిమిదో వంతు పోతుంది, క్వారంటైన్ తినేది వేరే. వేగం బాగా పడిపోతుంది కాబట్టి ప్రొడక్షన్‌లో పెట్టే మాటే లేదు. ఆ నెమ్మది వల్ల రెండు సీపీయూల మధ్య రేస్ (ఒకే సమయంలో ఒకే మెమరీ కోసం పోటీ) కుదరక బగ్ మాయమయ్యే సందర్భాలూ ఉన్నాయి. ఆర్మ్ 64 చిప్‌లలో మెమరీ ట్యాగింగ్ (మెమరీకీ పాయింటర్‌కీ గుర్తులు పెట్టి సరిచూసే సదుపాయం) ఉంటే హార్డ్‌వేర్ ట్యాగుల మోడ్ చాలా తేలిగ్గా నడుస్తుంది, కానీ ఆ చిప్ మన దగ్గర ఉండాలి కదా.

కెఫెన్స్ 2021లో 5.12తో వచ్చింది. ఇది అన్నిటినీ చూడదు. డిఫాల్ట్‌గా 100 మిల్లీసెకన్లకు ఒకసారి ఒక అలొకేషన్‌ని తన సొంత పూల్‌లోకి మళ్లిస్తుంది. 255 ఆబ్జెక్టులకు ఒక్కోదానికీ ఒక పేజీ, మధ్యలో ముట్టుకుంటే ఫాల్ట్ వచ్చే గార్డ్ పేజీలు, 4 కేబీ పేజీలతో మొత్తం 2 ఎంబీ. ఆబ్జెక్ట్‌ని వదలగానే ఆ పేజీకి తాళం పడుతుంది, ముట్టుకుంటే పేజ్ ఫాల్ట్. అప్పుడు వచ్చే రిపోర్ట్‌లో కాసాన్ చెప్పే మూడూ ఉంటాయి. ఖర్చు దాదాపు తెలియదు కాబట్టి నిజమైన లోడ్ మీద నెలల తరబడి ఉంచేయొచ్చు.

అయితే అదంతా అదృష్టం మీద నడిచే పని. మీ పాడు ఆబ్జెక్ట్ ఆ ఒక్క శాంపిల్‌లో పడాలి, ఆ తర్వాత బగ్ కూడా దానిమీదే జరగాలి. వేల మెషీన్లు ఉన్నచోట ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక మెషీన్‌లో తగులుతుంది. ఒక్క మెషీన్ పెట్టుకుని కూర్చుంటే చూస్తూ ఉండాల్సిందే. పేజీకి మించిన అలొకేషన్లను అసలు పట్టించుకోదు.

కాబట్టి బగ్‌ని కావాలన్నప్పుడు రప్పించగలిగితే కాసాన్ పెట్టండి, రెండో ఆలోచన వద్దు. రప్పించలేకపోతే, మెషీన్లు చాలా ఉంటే కెఫెన్స్. కెర్నెల్‌ని మార్చే అనుమతి లేక, రీబూట్ ఒక్కటే చేతిలో ఉంటే స్లబ్ డీబగ్. మెమరీ తరుగుతూ పోతోంది, క్రాష్ మాత్రం లేదంటే అది లీక్. దానికి ఈ మూడూ పనికిరావు, కెమెమ్‌లీక్ అనే లీక్ వెతికే సాధనం చూడాలి.

ఇక ఫిక్స్. కెఫ్రీ తర్వాత పాయింటర్‌ని నల్ చేయడం ఫిక్స్ కాదు. టైమర్ దగ్గర ఉన్నది ఇంకో కాపీ, దానికి ఈ నల్ సంగతి తెలియదు. ఆబ్జెక్ట్‌కి యజమాని ఒక్కరే అయితే కెఫ్రీకి ముందు టైమర్‌ని పూర్తిగా ఆపాలి. టైమర్‌ని ఇంకెక్కడి నుంచైనా వేరే కోడ్ మళ్లీ పెట్టే అవకాశం ఉంటే, టైమర్‌ని తీసేసి హ్యాండ్లర్ ముగిసేదాకా ఆగే డిలీట్ సింక్ చాలదు. 6.2 నుంచి టైమర్ షట్‌డౌన్ సింక్ ఉంది, అది వాడాలి. యజమానులు ఎక్కువైతే రిఫరెన్స్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) తప్పదు. అప్పుడు మామూలు అటామిక్ కాకుండా 4.11లో వచ్చిన రిఫ్‌కౌంట్ టైప్ వాడటం మంచిది. లెక్క హద్దు దాటితే అది సున్నాకి తిరగకుండా అక్కడే ఆగిపోతుంది, అంటే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ కాస్తా లీక్‌గా మిగులుతుంది. లాక్ లేకుండా చదివేవాళ్లుంటే, వాళ్లు చదవడం అయ్యేదాకా ఆగి వదిలే కెఫ్రీ ఆర్‌సీయూ.

ప్యాచ్ పెట్టాక అదే రీప్రొడ్యూసర్‌ని (బగ్‌ని రప్పించే ప్రోగ్రామ్‌ని) కాసాన్‌తో ఒకసారి, కాసాన్ లేకుండా మరోసారి, వీలైతే వేరే ఆర్కిటెక్చర్ మీద కూడా నడపాలి. ఈ చివరిది చాదస్తంగా అనిపిస్తే డర్టీ కౌ అనే లైనక్స్ కెర్నెల్ భద్రతా బగ్ సంగతి చూడండి. ఆ బగ్‌ని లైనస్ టోర్వాల్డ్స్ 2005లోనే ఫిక్స్ చేయబోయారు. ఎస్390 (ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఆర్కిటెక్చర్) మీద ఇబ్బంది వచ్చి ఆ ప్యాచ్‌ని వెనక్కి తీశారు. సరైన ఫిక్స్ 2016 అక్టోబర్‌లో వచ్చింది.