తల్లిపాలలో కలిపే పొడి: ఏడు వారాలు వాడాక

మా పాప 30 వారాలకే పుట్టింది, 1,240 గ్రాములు. రోజుకు 120 మి.లీ. పాలు అరిగించుకునే దాకా ఆగి, అప్పుడు ఫార్టిఫయర్ పొడి, అంటే తల్లిపాలకు పోషకాలు జోడించే పొడి, మొదలుపెట్టారు. ఎన్‌ఐసీయూలో (పసికందుల ఇంటెన్సివ్ కేర్‌లో) ఐదు వారాలు, ఇంట్లో రెండు వారాలు వాడాం.

"తల్లిపాలలో పొడి కలపడమేంటి, మా కోడలి పాలు అంత పలచనివా?" అని అత్తమ్మ ఒకటే గొడవ. లోపల నాకూ అదే బాధ. డాక్టరమ్మ చీటీ వెనక లెక్క వేసి చూపించారు. నెలలు నిండకుండా కాన్పయిన తల్లి పాలలో మొదటి రెండు మూడు వారాలు ప్రొటీన్ ఎక్కువగానే ఉంటుంది. తర్వాత తగ్గుతూ 100 మి.లీ.కి 1.2 గ్రాముల దగ్గరికి వస్తుంది. కిలో బరువుకు రోజుకు 180 మి.లీ. పట్టినా అందేది రెండు గ్రాముల పైచిలుకే. కావాల్సింది మూడున్నర, నాలుగు. క్యాల్షియం, ఫాస్ఫరస్ కూడా చాలవు, అవి బిడ్డకు చేరేది ఎక్కువగా కడుపులో ఉండే చివరి మూడు నెలల్లోనే. పాలు ఇంకా పెంచుదామంటే అంత చిన్న పొట్టలో చోటేది? పోనీ డబ్బాపాలు పడదామా అంటే, పేగులు దెబ్బతినే జబ్బు భయం వాటితోనే ఎక్కువట. అత్తమ్మ ఇక మారు మాట్లాడలేదు.

పని చేసిందా అంటే, చేసింది. రోజుకు ఎనిమిది పది గ్రాములు పెరిగే పిల్ల, వారం తిరిగేసరికి ఇరవై దాటింది.

ఇక నాకు కడుపు మండిన సంగతి. ఒక పొట్లం 25 మి.లీ. పాలకు. పాప తాగేది రెండు గంటలకోసారి పది. పొట్లాన్ని కంటి అంచనాతో సగం చేయకూడదు. కలిపాక ఎక్కువసేపు ఉంచకూడదు. అందుకని రెండుసార్లు పట్టి, మిగిలిన ఐదు పారబోసేవారు. అర్ధరాత్రి పంపుతో అరగంట కూర్చుంటే నాకొచ్చేది ముప్పై. సింకులోకి ఆ ఐదూ పోతుంటే చూడలేక మొహం తిప్పుకునేదాన్ని. ఒక్కసారికి సరిపడే చిన్న పొట్లాలు చేస్తే కంపెనీవాళ్ల సొమ్మేం పోయింది?

పొడి ఉండ కడుతుంది. గట్టిగా గిలకొడితే నురగ. గోరువెచ్చని పాలలో మెల్లగా తిప్పితే కలిసిపోయేది. విరేచనం కాస్త గట్టిపడింది, రెండు రోజులు పొట్ట ఉబ్బితే ఆపి మళ్లీ మొదలుపెట్టారు. ఐరన్, విటమిన్ డి చుక్కలు విడిగా వేయాల్సిందే. ఖర్చు మొదట తెలియదు. పాప బరువుతో పాటు పొట్లాలూ పెరిగి, రోజుకు ఆరు కాస్తా పన్నెండయ్యాయి.

ఇంట్లో ఉగ్గుగిన్నెతో పట్టాం. రెండు కిలోలు దాటి, రొమ్ము బాగా పట్టుకున్నాక ఆపమన్నారు. నాలుగు పొట్లాలు మిగిలాయి. నెలలు నిండి పుట్టిన తన మనవడు సన్నగా ఉన్నాడని పక్కింటి పిన్నిగారు అడిగారు. ఇది నెలలు నిండని పిల్లల కోసం కదా, ఇవ్వలేదు. కొంచెం నొచ్చుకున్నారు.