మెట్‌ఫార్మిన్ మొదలెట్టాక నీరసం: మామూలు మాత్రా, ఎస్ఆర్ మాత్రా? ఉదయమా, రాత్రా?

పీసీఓడీ (హార్మోన్ల తేడాతో నెలసరి గాడితప్పే సమస్య, పీసీఓఎస్ అన్నా ఇదే) అని తేలి, డాక్టరమ్మ మెట్‌ఫార్మిన్ రాసిచ్చాక మొదటి వారాల్లో చాలామంది అనే మాట ఒకటే: "జబ్బుతో ఇంత నీరసం లేదు, మందుతోనే వచ్చింది." అది నిజమే కావచ్చు. కానీ ఆ నీరసం ఎటునుంచి వస్తోందో చూస్తే సగం పని అయినట్టే. మెట్‌ఫార్మిన్ క్లోమాన్ని తట్టిలేపి ఇన్సులిన్‌ను ఎక్కువ విడుదల చేయించే రకం మందు కాదు. అందుకని ఒంటరిగా వాడినప్పుడు మామూలుగా షుగర్ మరీ పడిపోదు. అది ఇబ్బంది పెట్టేది కడుపుని: వికారం, నోట్లో ఏదో లోహపు రుచి, విరేచనాలు. పొద్దున రెండుసార్లు బాత్రూంకి పరిగెత్తి, టిఫిన్ వదిలేసి, కాఫీ తాగి ఆఫీసుకెళితే పదకొండింటికల్లా కాళ్ళు లాగేయక ఏమవుతుంది? నా ఉద్దేశంలో మొదటి వారాల నీరసంలో ఎక్కువ భాగం ఈ తినకపోవడంలోనే ఉంది.

అందుకే మామూలు మాత్రా, ఎస్ఆరా అన్నది చిన్న ప్రశ్న కాదు. మామూలు మాత్ర తొందరగా కరుగుతుంది, రోజుకి రెండు మూడుసార్లు వేసుకోవాల్సి వస్తుంది, ధర తక్కువ. ఎస్ఆర్ లేదా ఎక్స్ఆర్ అని స్ట్రిప్ మీద ఉన్నది గంటల తరబడి నెమ్మదిగా మందుని వదులుతుంది, సాధారణంగా రోజుకి ఒకసారి రాత్రి భోజనంతో. పనితనంలో పెద్ద తేడా లేదు, కడుపు గొడవ మాత్రం ఎస్ఆర్‌తో తక్కువ. కడుపు సున్నితంగా ఉన్నవాళ్ళకి, పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాల్సినవాళ్ళకి నా ఓటు ఎస్ఆర్‌కే. ఒక్క షరతు: దాన్ని విరవకూడదు, నమలకూడదు, పొడి చేయకూడదు. విరిస్తే నెమ్మదిగా వదిలే ఏర్పాటే పోతుంది. ఒక్కోసారి మలంలో మాత్ర ఆకారం అలాగే కనిపించి కంగారు పెడుతుంది. అది ఖాళీ పెంకు, లోపలి మందు ఒంటికి పట్టేసి ఉంటుంది. మామూలు మాత్ర రాసి ఉంటే మెడికల్ షాపులో మీరే మార్చుకోకండి, డాక్టర్ని అడిగితే మారుస్తారు.

వేళ సంగతి: ఎస్ఆర్ రాత్రికే మేలు. మామూలు మాత్రయితే ఏ పూటైనా సరే, అన్నం మధ్యలో వేసుకోవడం మేలు. పరగడుపున వేసుకోవడం అన్నిటికంటే చెడ్డ ఎంపిక.

మరి నీరసం తట్టుకోలేకపోతే మానేయడమా, మోతాదు తగ్గించడమా? మానేస్తే రెండ్రోజుల్లో హాయిగా ఉంటుంది, నిజమే. మళ్ళీ మొదలెట్టినప్పుడు కడుపు మొదటినుంచి అలవాటు పడాలి. సాధారణంగా 500 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం రెండు వారాలకోసారి 500 చొప్పున పెంచుతారు. పీసీఓఎస్ మీద 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేదీ ఇదే. 1000కి వెళ్ళగానే కుదేలైతే, "ఇంకో రెండు వారాలు 500 మీదే ఉండనా?" అని ఫోన్ చేసి అడగడం మానేయడం కంటే ఎన్నో రెట్లు నయం.

కాఫీ మీద కాఫీనా, కాస్త తిండా? ఇక్కడ పోటీయే లేదు. వికారంగా ఉన్నప్పుడు రెండు ఇడ్లీలు, లేకపోతే పల్చటి పెరుగన్నం దిగుతుంది. కడుపు కుదుటపడ్డాక పెసరట్టో, ఉడికించిన గుడ్డో మంచిది, ఆకలి తొందరగా వేయదు. విరేచనాలయితే ఓఆర్ఎస్ తాగాలి. మధ్యాహ్నం తిన్నాక పావుగంట నడిస్తే ఆ మూడింటి మగత కొంత తేలికపడుతుంది. సాయంత్రం కాఫీ రాత్రి నిద్రని తింటుంది.

మందుల్లో స్పైరోనోలాక్టోన్ (అవాంఛిత రోమాలకి, మొటిమలకి రాసే మాత్ర) కూడా ఉంటే లెక్క వేరు. అది మూత్రం ఎక్కువ పోయేలా చేసి బీపీని తగ్గిస్తుంది. లేవగానే కళ్ళు తిరగడం అందుకే. దాన్ని పొద్దున వేసుకుంటే రాత్రి నిద్ర చెడదు. అది ఒంట్లో పొటాషియంని నిలుపుతుంది కాబట్టి, నీరసం అనగానే ఇంట్లోవాళ్ళు రోజూ తెచ్చిచ్చే కొబ్బరి నీళ్ళు ఈ మందుతో అంత మంచివి కావు. పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఈ మాత్ర సంగతి ముందే డాక్టర్‌తో తేల్చుకోవాలి.

నెల దాటినా నీరసం తగ్గకపోతే బి-12 ఇంజెక్షన్లు పొడిపించుకోవడమా, రక్తపరీక్షా? పరీక్షే. మెట్‌ఫార్మిన్ బి-12ని తగ్గించే మాట నిజం, కానీ అది చాలాకాలం వాడితే వచ్చే సమస్య, మొదటి నెలది కాదు. శాకాహారులకైతే మందుకి ముందే తక్కువ ఉండి ఉండొచ్చు. ముందే ఇంజెక్షన్ చేయించుకుంటే తర్వాత పరీక్షలో అసలు సంగతి తెలియదు. నెలల తరబడి రాని నెలసరి ఒక్కసారిగా వచ్చి రోజుల తరబడి పోతే రక్తం తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకని హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బి-12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించుకోవాలి. జుట్టు రాలుతోందని బయోటిన్ మాత్రలు వాడుతుంటే ల్యాబ్‌లో చెప్పండి, పరీక్షకి ముందు రెండు మూడు రోజులు ఆపమంటారు. అది థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేస్తుంది. ఐరన్ రాస్తే మాత్రకీ టీ, కాఫీలకీ మధ్య ఎడం ఉంచండి. గురక పెడుతూ, ఎంత పడుకున్నా అలసట తీరకపోతే నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉందేమో అడగండి, పీసీఓఎస్‌లో అది ఎక్కువ.

వాంతులు ఆగక నీళ్ళు కూడా నిలవకపోతే ఆ పూట మాత్ర వేసుకునే ముందే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. విపరీతమైన నీరసంతో పాటు ఊపిరి వేగంగా ఆడుతూ, కండరాల నొప్పులుంటే ఫోన్లతో పని లేదు, నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి.