వీడియో ఫ్రేములు తీసి క్లౌడ్‌కి ఎక్కించే టూల్ కొంటున్నారా? కార్డు ఫార్మాట్ చేసేముందు ఇది చదవండి

విజయవాడ, గుంటూరు పెళ్లి స్టూడియోల మధ్య ఒక కమాండ్ లైన్ టూల్ (బటన్లు లేకుండా, ఆదేశం టైప్ చేసి నడిపేది) చేతులు మారుతోంది. వీడియో ఇస్తే ఫ్రేములు విడదీసి, నేరుగా అమెజాన్ క్లౌడ్ నిల్వ ఎస్3లోని బకెట్‌లోకి (మన ఫైళ్లు ఉండే చోటు) ఎక్కించి, హార్డ్ డిస్క్‌లోని కాపీలను తనే చెరిపేస్తుంది. పేరు ఇక్కడ రాయడం లేదు. కింద చెప్పిన లక్షణాలు ఏ టూల్‌లో కనబడినా డబ్బు కట్టకండి.

దాని లోపల పని చేసేది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రామ్. అది ఎవరికైనా ఉచితంగానే దొరుకుతుంది. దాని మీద తొడుగు వేసి అమ్ముకోవడం తప్పు కాదు. ప్రమాదమంతా ఆ తొడుగు రాసిన తీరులో ఉంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం ఫైల్ పేర్ల దగ్గర. ప్రతి క్లిప్‌కీ నంబరు మళ్లీ 000001 నుంచే మొదలుపెడుతుంది, క్లిప్ పేరు జోడించదు, అన్నిటినీ ఒకే ఫోల్డర్‌లో పడేస్తుంది. ఎస్3లో అదే పేరుతో ఇంకో ఫైల్ వస్తే పాతదాని మీద కూర్చుంటుంది. రీప్లేస్ చెయ్యాలా అని అడగదు, రీసైకిల్ బిన్ ఉండదు. మండపం దగ్గర కెమెరా గంటసేపు, భోజనాల హాల్లో కెమెరా 40 నిమిషాలు తీసిందనుకోండి. సెకనుకొక ఫ్రేము చొప్పున 3,600, 2,400 కలిపి 6,000 ఉండాలి. బకెట్‌లో ఉండేవి 3,600 మాత్రమే. వాటిలో 1 నుంచి 2,400 వరకు విస్తళ్లు, వడ్డన. 2,401 నుంచి మండపం. జీలకర్ర బెల్లం మొదటి 40 నిమిషాల్లో అయిపోయి ఉంటే ఆ ఘట్టానిది ఒక్క ఫ్రేము కూడా మిగలదు. ఫోల్డర్ తెరిస్తే నిండుగానే ఉంటుంది, చివరికి వెళ్తే తలంబ్రాలు కనిపిస్తాయి, ఇంక అనుమానం ఎందుకొస్తుంది? ఆల్బమ్ డిజైన్‌కి కూర్చున్నప్పుడే బయటపడుతుంది.

మాది ఒకటే కెమెరా, మాకేం ఇబ్బంది అనుకోవద్దు. 32 జీబీ కార్డులు సాధారణంగా ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉంటాయి. అందులో ఒక ఫైల్ 4 జీబీ దాటదు. 50 ఎంబీపీఎస్‌లో షూట్ చేస్తే దాదాపు 11 నిమిషాలకే కెమెరా కొత్త ఫైల్ తెరుస్తుంది. అంటే గంట ఫుటేజ్‌కి ఆరు క్లిప్పులు, ఆరూ 000001 నుంచే. 3,600 ఫ్రేములకి చివరికి 700 కూడా మిగలవు.

రెండోది, ఏం జరిగినా "అప్‌లోడ్ కంప్లీట్" అని చూపించడం. మధ్యలో నెట్ పోయినా, ఎస్3 ఫైల్‌ని తిప్పికొట్టినా అదే మాట. స్టూడియోల్లో ఇది ఎక్కువగా తగిలేది పాత సిస్టమ్‌ల మీద: మదర్‌బోర్డు మీది సీమాస్ బ్యాటరీ అయిపోతే గడియారం తప్పుతుంది. సిస్టమ్ టైమ్‌కీ ఎస్3 టైమ్‌కీ 15 నిమిషాలకు మించి తేడా ఉంటే ఎస్3 ఒక్క ఫైల్‌నీ తీసుకోదు, 403 ఎర్రర్ ఇస్తుంది. ఆ ఎర్రర్‌ని ఈ టూల్ మింగేస్తుంది. పైగా తప్పు జరిగినా ఎగ్జిట్ కోడ్ (పని ముగిశాక ప్రోగ్రామ్ ఇచ్చే అంకె; సున్నా అంటే అంతా సవ్యం) సున్నాయే ఇస్తుంది కాబట్టి, "అప్‌లోడ్ అయితే ఒరిజినల్ తీసెయ్" అని బ్యాచ్ ఫైల్ (వరసగా నడిచే ఆదేశాల ఫైల్) రాసుకున్నవాళ్ల అసలు వీడియోకే ఎసరు.

ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేములు) విలువ ఇవ్వకపోతే ఏం చేస్తుందో కూడా తెలుసుకోండి. ప్రతి ఫ్రేమునూ బరువైన పీఎన్‌జీ బొమ్మగా తీస్తుంది. 25 ఎఫ్‌పీఎస్ వీడియో గంటకి 90,000 ఫ్రేములు. ఫుల్ హెచ్‌డీలో ఒక్కో పీఎన్‌జీ రెండున్నర ఎంబీ వేసుకున్నా 225 జీబీ. విండోస్, అసలు వీడియో కూడా ఉన్న 256 జీబీ ఎస్ఎస్‌డీ మధ్యలోనే నిండిపోతుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ "స్థలం లేదు" అని చెబుతుంది గానీ ఆ మెసేజ్‌ని ఈ తొడుగు దాచేస్తుంది. అప్పటిదాకా వచ్చినవే ఎక్కించి ముగించేస్తుంది. చివరి ఫ్రేము తెరిచి చూడండి: పై సగం బొమ్మ, కింది సగం ఖాళీగా ఉంటే డిస్క్ నిండి ఆగిపోయిందని గుర్తు. ఇక 225 జీబీ ఎక్కాలంటే 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ స్పీడు మీద నికరంగా 25 గంటలు. ఆల్బమ్‌కైనా, ముఖం బట్టి ఫొటో వెతికే గ్యాలరీకైనా సెకనుకి ఒకటో రెండో జేపీజీలు చాలు.

దీనితో వచ్చే సెటప్ వీడియోలో బకెట్‌కి "బ్లాక్ పబ్లిక్ యాక్సెస్" (బయటివాళ్లు చూడకుండా ఆపే తాళం) తీసెయ్యమంటారు. దయచేసి ఆ పని మాత్రం చెయ్యకండి. ఎస్3 కొత్త బకెట్లకి 2023 ఏప్రిల్ నుంచి ఆ తాళం ముందే వేసి ఇస్తోంది. తీసేసి ఫైళ్లను పబ్లిక్ చేస్తే, లింకు తెలిసిన ఎవరైనా చూడొచ్చు. పేర్లు వరస నంబర్లే కాబట్టి ఒక్క లింకు దొరికినవాడికి మిగతావన్నీ దొరికినట్టే. అవి మనల్ని నమ్మి పిలిచినవాళ్ల ఇంటి ఆడపిల్లల ఫొటోలు. గ్యాలరీ ఇవ్వాలంటే ప్రీసైన్డ్ లింకులు (గడువు దాటితే పనిచెయ్యనివి) చాలు.

అమెజాన్ ఖాతాకి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ లాంటి యాక్సెస్ కీ, సీక్రెట్ కీ రెండూ కమాండ్‌లోనే టైప్ చెయ్యమనడం ఇంకో తప్పు. బ్యాష్ లాంటి షెల్‌లో (కమాండ్లు టైప్ చేసే ప్రోగ్రామ్) అయితే అవి హిస్టరీ ఫైల్‌లో ఉండిపోతాయి. అందులోనూ ఖాతా మొత్తం మీద అధికారం ఉన్న రూట్ అకౌంట్ కీ అడుగుతున్నారు. ఈ పనికి కావలసింది ఒక్క బకెట్‌లో ఫైల్ పెట్టే అనుమతి ఉన్న వేరే ఐఏఎం యూజర్ (అదే ఖాతాలో పరిమిత అధికారాలతో చేసుకునే యూజర్) మాత్రమే. అది చాలదు అనేవాళ్ల దగ్గర ఏదీ కొనకండి.

డెమో అడగండి, ఇలా పరీక్షించండి. రెండు కెమెరాల నుంచి నిమిషం నిడివి క్లిప్పులు రెండు, సెకనుకి ఒక ఫ్రేము. బకెట్‌లో 120 ఉండాలి, ఒకటీ రెండూ అటూ ఇటూ పర్వాలేదు. 60 ఉంటే అక్కడితో లేవండి. ఇంకోసారి నడుపుతూ మధ్యలో నెట్ కేబుల్ పీకండి. అప్పుడు కూడా "కంప్లీట్" అంటే సంగతి తేలిపోయినట్టే. అసలు కొనకుండానే పని అవుతుంది: ప్రతి క్లిప్‌కీ దాని పేరుతో ఒక ఫోల్డర్, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఎఫ్‌పీఎస్ ఫిల్టర్ 1, జేపీజీ క్వాలిటీ 2 (ఇందులో అంకె తగ్గేకొద్దీ నాణ్యత ఎక్కువ), ఎక్కించడానికి ఆర్‌క్లోన్ అనే ప్రోగ్రామ్. ఎక్కాక ఆర్‌క్లోన్‌లోని చెక్ కమాండ్‌తో రెండువైపులా సరిపోల్చి, తేడా లేదన్నాకే డిస్క్‌లోవి తీసెయ్యండి. ఇవన్నీ ఉచితమే.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు బిల్లు, చాటింగ్, యూపీఐ రసీదు దాచుకోండి. వ్యాపారానికి కొన్నారు కాబట్టి వినియోగదారుల చట్టం వర్తించదని భయపెట్టొచ్చు. జీవనోపాధి కోసం స్వయంగా నడుపుకునే పనికి కొన్నవాళ్లకి 2019 చట్టం వర్తిస్తుంది, మీరున్న జిల్లాలోనే కేసు వెయ్యొచ్చు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి.

ఇప్పటికే వాడేసినవాళ్లు ముందు టూల్‌కి ఇచ్చిన పాత కీని డీయాక్టివేట్ చెయ్యండి. తర్వాత బకెట్‌లో "షో వెర్షన్స్" ఆన్ చేసి చూడండి. వెర్షనింగ్ (పాత ఫైల్‌నీ దాచి ఉంచే ఎస్3 సెట్టింగ్) ముందునుంచే ఆన్‌లో ఉంటే, కొత్తవి మీద కూర్చున్న పాత ఫ్రేములు అక్కడ దొరుకుతాయి. లేకపోతే ఉన్న ఒకే దారి కార్డులోని అసలు క్లిప్పుల నుంచి మళ్లీ తీయడం, కాబట్టి రేపటి పెళ్లికి ఆ కార్డు పెట్టొద్దు, కొత్తది కొనుక్కోండి.