మాగ్డెబర్గ్‌లో నా మొదటి ఏడాది: గది, ట్రామ్, నది మీద కాలువ

జర్మనీలో ఎం.ఎస్. అనగానే కర్నూలులో అందరూ మ్యూనిక్, బెర్లిన్ పేర్లే చెప్పారు. నేను మాగ్డెబర్గ్ ఎంచుకున్నాను. ఎల్బే నది ఒడ్డున ఉన్న ఈ ఊరు మన కర్నూలు కంటే చిన్నది. ఏడాది అయింది. మళ్ళీ ఎంచుకోమన్నా ఇదే అంటాను.

మొదటి దెబ్బ మాత్రం గది దగ్గరే తగిలింది. హాస్టల్ దొరికేలోపు ఉందామని ఆన్‌లైన్‌లో ఒక ప్రైవేటు గది తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది కానీ, నేను అక్కడ ఉంటున్నట్టు ఓనరు రాసివ్వాల్సిన కాగితం ఇవ్వనన్నాడు. ఇక్కడ ఇంట్లో దిగిన రెండు వారాల్లో అడ్రసు నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. కాగితం లేక నమోదు కాలేదు, నమోదు లేదని నేను వెళ్ళిన బ్యాంకులో ఖాతా ఇవ్వలేదు. ఖాతా లేకపోతే నాన్న బ్లాక్డ్ అకౌంట్‌లో (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా) వేసిన 11,904 యూరోల్లో నెలనెలా రావాల్సిన 992 కూడా చేతికి రావు. మూడు వారాలు టెన్షన్‌తో నిద్ర లేదు. అమ్మ కట్టిచ్చిన ఎండు జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి ఆదుకున్నాయి. నంద్యాల నుంచి వచ్చిన సీనియర్ అక్క అప్పుడు చెప్పింది: "అద్దె ఎంతని తర్వాత అడుగుదువు చెల్లీ, ముందు ఆ కాగితం ఇస్తారా లేదా అడుగు." వచ్చేవాళ్ళందరికీ నేనూ అదే చెబుతున్నాను.

తర్వాత విద్యార్థుల వసతి, క్యాంటీన్లు చూసే సంస్థ స్టూడెంటెన్‌వెర్క్ హాస్టల్లో గది వచ్చింది. మంచం, బల్ల, హీటర్ అన్నీ ఉంటాయి, కాగితాల గొడవ లేదు. వంటగది మాత్రం నలుగురికీ ఒకటే. తిరగవాత వేసేముందు కిటికీ తెరవాలి. మా ఫ్లాట్‌లోని టర్కీ అమ్మాయి మొదట్లో దగ్గుతూ తలుపేసుకునేది. ఇప్పుడు కరివేపాకు చిటపటలాడితే చాలు, ప్లేటు పట్టుకుని వచ్చేస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిసి బయట ఫ్లాట్ తీసుకుంటే గది పెద్దది దొరుకుతుంది. అయితే చాలా ఇళ్ళు ఖాళీగా ఇస్తారు, సామాన్లు మనమే కొనుక్కోవాలి. మొదటి ఏడాదికి నా ఓటు హాస్టల్‌కే.

ట్రామ్ బాగుంటుంది. క్యాంటీన్‌లో కడుపు నిండుతుంది, నాలుకకే తృప్తి ఉండదు. ఆదివారం కొట్లు మూసేస్తారు, శనివారమే కూరగాయలు తెచ్చుకోవాలి.

ఇక్కడి యూనివర్సిటీకి ఓటో ఫాన్ గెరికే పేరు పెట్టారు. రెండు లోహపు అర్ధగోళాలను కలిపి, లోపలి గాలి తీసేసి, గుర్రాలతో లాగించినా విడిపోలేదని ఫిజిక్స్‌లో 'మాగ్డెబర్గ్ అర్ధగోళాలు' అని చదువుకున్నామే, ఆ ప్రయోగం చేసింది ఆయనే. ఆ పాఠంలోని ఊళ్ళో రోజూ తిరుగుతున్నానంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. పెద్ద చర్చి, గులాబీ రంగు గ్రీన్ సిటాడెల్ భవనం ఒక పూటలో చూసేయొచ్చు.

నా మనసు దోచింది మాత్రం ఊరి బయట ఉన్న నీటి వంతెన. ఎల్బే ఒడ్డు వెంబడి సైకిల్ మీద వెళ్ళాను. కింద నది పారుతోంది, దాని మీదుగా 918 మీటర్ల ఉక్కు తొట్టిలో ఇంకో కాలువ! 1930లలో మొదలైన పని యుద్ధంలో ఆగిపోయి, విడిపోయిన దేశం మళ్ళీ ఒకటయ్యాక, 2003లో పూర్తయింది. రెయిలింగ్ పట్టుకుని నిలబడితే బొగ్గు రంగు సరుకు పడవ ఒకటి నా మోచేతి పక్క నుంచే నెమ్మదిగా జారిపోయింది. నీళ్ళు అంచుకు తగిలి తపతపమన్నాయి. ఆ క్షణాన నాకు కర్నూలు గుర్తొచ్చింది. మన కేసీ కెనాల్ (కర్నూలు-కడప కాలువ) కూడా హంద్రీ నది మీదుగా దాటుతుంది కదా!

వెంటనే నాన్నకు వీడియో కాల్ చేశాను. మా పొలం ఆ కెనాల్ నీళ్ళకిందే. చాలాసేపు కన్నార్పకుండా చూశాడు.

"ఇన్ని నీళ్ళు ఏ పొలాలకు పారిస్తారు రా తల్లీ?"

"పొలాలకు కాదు నాన్నా, పడవలకు."

"మన కాలువ కూడా పొలాలకూ, పడవలకూ రెండిటికీ తవ్వినారంట, తెల్లోళ్ళ కాలంలో" అన్నాడు. మరుసటి రోజు పొద్దున నేను లేచేసరికి ఫోన్‌లో ఒక వీడియో ఉంది. హంద్రీ మీద కాలువ, గట్టు మీద నాన్న చెప్పులు, వెనక ఎవరివో గేదెలు.