ఎడమ క్రాంక్ పవర్ మీటర్: మూడేళ్లు తొక్కాక

నా సైకిల్‌కి షిమానో 105 క్రాంక్‌సెట్ (పెడళ్లు తగిలించే రెండు ఆర్మ్‌లు, ముందు పళ్ల చక్రాలు కలిసిన భాగం) ఉంది. మూడేళ్ల కిందట దాని ఎడమ ఆర్మ్ తీసేసి, అదే మోడల్‌లో పవర్ మీటర్ (తొక్కే బలాన్ని వాట్లలో కొలిచే పరికరం) అతికించి ఉన్న ఆర్మ్ బిగించాను. 28 వేలు అయింది. ఇప్పటికి సుమారు 17 వేల కిలోమీటర్లు తొక్కాను.

నేను ఎక్కువగా తొక్కేది హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు, మర్రిచెట్ల రోడ్డు మీద. ఎదురుగాలి ఉన్న రోజు ఎంత తొక్కినా వేగం 23 దాటదు. తిరుగుముఖం పట్టగానే అదే గాలి వెనక నుంచి తోస్తుంటే 34లో వస్తాం. ఏది నా కష్టం, ఏది గాలి పుణ్యం అన్నది తేలేది కాదు. కొన్నాళ్లు గుండె వేగం చూసే బెల్ట్ వాడాను. ఏప్రిల్‌లో ఎండెక్కితే అంతే కష్టానికి పది పదిహేను ఎక్కువ చూపించేది. రాత్రి నిద్ర చాలకపోయినా మారిపోయేది. పవర్ మీటర్‌కి ఈ గొడవ లేదు. పెడల్ మీద ఎంత బలం పడింది, క్రాంక్ ఎంత వేగంగా తిరిగింది, ఈ రెంటినీ గుణించి వాట్లు చెబుతుంది.

కొనే ముందు మూడు రకాలు చూశాను. పెడల్ మీటర్లను ఒక సైకిల్ నుంచి ఇంకోదానికి ఐదు నిమిషాల్లో మార్చుకోవచ్చు, కానీ అప్పుడు నా బడ్జెట్ దాటాయి. స్పైడర్ మీటర్ (కుడి ఆర్మ్‌కి, పళ్ల చక్రాలకి మధ్య ఉండేది) రెండు కాళ్ల బలాన్నీ కలిపి కొలుస్తుంది, కానీ దానికోసం క్రాంక్‌సెట్టే మార్చాల్సి వచ్చేది. మిగిలింది ఎడమ ఆర్మ్. సెకండ్ హ్యాండ్‌లో పూర్తి క్రాంక్‌సెట్ మీటర్ చూస్తున్నవాళ్లకు ఒక మాట: 2012 జూన్ నుంచి 2019 జూన్ వరకు తయారైన కొన్ని 11 స్పీడ్ (వెనక 11 గేర్ల) అల్టెగ్రా, డ్యూరా ఏస్ మోడళ్ల క్రాంక్‌లను తనిఖీ చేయించుకోమని 2023లో షిమానోయే ప్రకటించింది. క్రాంక్ వెనక ఉండే కోడ్ చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఆర్మ్ లోపలి వైపు మీటర్ డబ్బా కొంచెం ఉబ్బుగా ఉంటుంది. అది చైన్‌స్టేకి, అంటే పెడళ్ల దగ్గర నుంచి వెనక చక్రం దాకా వెళ్లే ఫ్రేమ్ గొట్టానికి తగలకూడదు. ఆర్డర్ చేసే ముందు ఆ సందులో 10 మిల్లీమీటర్ల అలెన్ కీ దూర్చి చూశాను, పట్టింది. బిగించేటప్పుడు చివరి క్యాప్ చేత్తో తిప్పితే సరిపోతుంది. రెండు బోల్టులను మాత్రం టార్క్ రెంచ్‌తో ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. హెడ్ యూనిట్‌లో (హ్యాండిల్ మీద వాట్లు చూపించే చిన్న కంప్యూటర్) క్రాంక్ పొడవు కూడా చూసుకోండి. నాది 170 మిల్లీమీటర్లు, అందులో ముందే 172.5 అని ఉంది. అలాగే వదిలేస్తే 200 వాట్లకు 203 చూపిస్తుంది.

నంబర్లు నిజమేనా అని కిరాణా కొట్లో తూకం వేయించిన 10 కిలోల బియ్యం సంచిని ఎడమ పెడల్‌కి వేలాడదీశాను. వెనక బ్రేక్ గట్టిగా పట్టి, క్రాంక్‌ని నేలకు సమాంతరంగా ఉంచాను. లెక్క ప్రకారం టార్క్ 16.7 న్యూటన్ మీటర్లు రావాలి, 16.5 వచ్చింది. ఈ ధరకు నాకు అది చాలు.

ఇబ్బంది పెట్టింది వేడి. ఆర్మ్ మీద అతికించిన స్ట్రెయిన్ గేజ్‌లు అల్యూమినియం కంటికి కనబడనంత వంగడాన్ని పట్టుకుంటాయి. వేడికి కూడా అల్యూమినియం సాగుతుంది. మొదటి ఎండాకాలం అనంతగిరి ఘాట్‌కి సైకిల్‌ని ఏసీ కారులో తీసుకెళ్లి, దించగానే జీరో చేసి (పెడల్ మీద బలం లేనప్పటి కొలతను సున్నాగా పెట్టి) ఎక్కడం మొదలుపెట్టాను. రోజూ తొక్కే జోరే, కానీ నంబర్ 15 వాట్లు ఎక్కువ. పైకెళ్లి మళ్లీ జీరో చేస్తే సర్దుకుంది. అప్పటి నుంచి సైకిల్‌ని పావుగంట బయట నిలబెట్టాకే జీరో చేస్తాను, ఎండ ముదిరితే మధ్యలో ఇంకోసారి.

రెండో వానాకాలంలో బ్యాటరీ మూత లోపలికి నీళ్లు దిగాయి. సిగ్నల్ తెగిపోతూ వచ్చింది. అమ్మిన షాపు వానకి వారంటీ లేదంది. నీళ్లు పడినా ఏం కాదని ప్యాకింగ్ మీద రాసినదాన్ని నమ్మి కొన్న మనిషికి ఆ జవాబు చాలా బాధ కలిగిస్తుంది. లోపలి కాంటాక్టుల మీద పేరుకున్న తెల్లటి పొడిని స్పిరిట్‌తో తుడిచి, కొత్త రబ్బర్ రింగ్ వేసి, దానికి సిలికాన్ గ్రీజు రాశాను. మళ్లీ ఆ బాధ రాలేదు. సీఆర్ 2032 సెల్ మాత్రం మంచిది కొనండి. చవక సెల్ వేసినప్పుడు మూడు వారాలకే దిగిపోయింది, మంచిదైతే రెండు నెలల పైనే వస్తోంది.

ఎడమ ఆర్మ్ అసలు లోటు నాకు ఒక 200 కిలోమీటర్ల బ్రెవేలో (గడువులోగా పూర్తి చేయాల్సిన దూరపు రైడ్) తెలిసింది. 130 దాటాక ఎడమ మోకాలు లాగడం మొదలైంది. కష్టం తగ్గించినట్టు నాకు అనిపించలేదు, కానీ వాట్లు 160 నుంచి 140కి పడిపోయాయి. నీరసం వచ్చిందనుకుని టెన్షన్ పడ్డాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఈ మీటర్ ఎడమ కాలిని మాత్రమే కొలిచి రెట్టింపు చేస్తుంది. నొప్పి కాలు 70 వేస్తే 140 అంటుంది. ఆ లోటు పూడ్చడానికి కుడి కాలు 90 వేస్తున్నా దానికి తెలియదు. మోకాలి మీద ఆపరేషన్ అయినవాళ్లు, ఒక కాలు బలహీనంగా ఉన్నవాళ్లు ఇంకొంచెం డబ్బు కూడబెట్టి రెండు కాళ్లనూ కొలిచే మీటరే తీసుకోవాలని అందుకే చెబుతున్నాను.

బూటు కింద పెడల్‌కి తగులుకునే క్లీట్‌ని రెండు మిల్లీమీటర్లు వెనక్కి జరిపాక నా మోకాలు నెమ్మదించింది, నంబర్లూ వెనక్కి వచ్చాయి. వచ్చే సైకిల్‌కి స్పైడర్ మీటర్ కోసం డబ్బు దాస్తున్నాను. ఈ సైకిల్ మీద మాత్రం ఈ ఆర్మే ఉంటుంది. మూడేళ్ల ట్రైనింగ్ డైరీలోని నా వాట్లన్నీ దీని కొలతలోనే ఉన్నాయి.