ఫరల్యా కొండ హోటల్లో అత్తయ్యగారితో ఐదు రాత్రులు

రోడ్డు నుంచి మా గది గుమ్మం దాకా 58 మెట్లు. కొండరాయిని చెక్కి వేసినవి, ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు, పట్టుకోవడానికి పక్కన ఏమీ లేదు. అత్తయ్యగారికి 64 ఏళ్లు, ఎడమ మోకాలు నొప్పి. హోటల్ వెతికి బుక్ చేసింది నేనే కాబట్టి ఆవిడ చెయ్యి పట్టుకుని పైకి ఎక్కిస్తున్నంతసేపూ నాకు ఒకటే టెన్షన్. పెద్దవాళ్లను తీసుకెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

ఫరల్యా టర్కీ నైరుతి తీరంలో, ముగ్లా రాష్ట్రంలో ఉన్న కొండ ఊరు. కింద మధ్యధరా సముద్రం, వెనక 1,969 మీటర్ల బాబాదా పర్వతం. సెప్టెంబర్ మధ్యలో లండన్ నుంచి వెళ్లాం. నేను, మావారు, ఏడేళ్ల మా పాప, బందరు నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్యగారు. ఆవిడది ఇండియన్ పాస్‌పోర్టే అయినా, బ్రిటన్ వీసా ఉండటం వల్ల టర్కీ ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చింది. ఈ రూల్స్ మారుతుంటాయి కాబట్టి టికెట్లు కొనేముందు ప్రభుత్వ సైట్‌లో ఒకసారి చూసుకోండి. విమానం దలమాన్‌లో దిగుతుంది. అక్కడి నుంచి ఫెతియే ఊరికి బస్సు, ఫెతియే నుంచి డోల్ముష్. ఆ మాటకు ‘నిండింది’ అని అర్థం. మన షేర్ ఆటో లాంటి మినీబస్సు, చెయ్యెత్తిన చోట ఆపుతుంది, అడిగిన చోట దింపుతుంది. బీచ్ ఊరు ఓలూదెనిజ్ దాటాక రోడ్డు కొండ అంచునే మెలికలు తిరుగుతూ పోతుంది. వాంతులయ్యే వాళ్లుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి.

బుకింగ్ పేజీలో ‘సముద్రానికి 400 మీటర్లు’ అని ఉంది. అది మ్యాప్ మీద గీత గీసి కొలిచిన దూరం. మధ్యలో నిటారుగా లోయ. దాని పేరు సీతాకోకచిలుకల లోయ. దాని అడుగున చిన్న బీచ్ ఉంది గానీ ఊర్లోంచి దిగే దారి తాళ్లు పట్టుకుని దిగాల్సినంత నిటారు, అక్కడ జారిపడి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. పిల్లలతో, పెద్దవాళ్లతో దాని జోలికి వెళ్లకండి. ఓలూదెనిజ్ నుంచి పడవలు నేరుగా ఆ బీచ్‌కి వెళ్తాయి. అంటే మాకు అసలైన బీచ్ రోడ్డు మీద ఎనిమిది, పది కిలోమీటర్లు. ఈ సంగతి బుక్ చేసేముందు తెలిసి ఉంటే వేరే చోట దిగేవాళ్లం.

గది చిన్నది. రాతి గోడలు, రెండు మంచాలు, దోమతెర, ఒక ఫ్యాను. ఏసీ లేదు. పగలు కాస్త ఉక్కపోసినా రాత్రిళ్లు కొండగాలికి దుప్పటి కావాల్సి వచ్చింది. వేడినీళ్లు సోలార్ మీద కాబట్టి సాయంత్రం స్నానం హాయిగా ఉంటుంది, తెల్లవారుజామున చల్లనీళ్లే. వైఫై భోజనాల డాబా మీద తప్ప గదిలోకి రాదు. టాయిలెట్ పేపర్ కమోడ్‌లో వేయకూడదు, పక్కన బుట్టలో వేయాలి. అయితే టర్కీ కమోడ్‌లలో నీళ్లు చిమ్మే సన్నటి గొట్టం లోపలే అమర్చి ఉంటుంది, పక్కనున్న కుళాయి తిప్పితే చాలు. యూరప్‌లో చెంబు కోసం వెతుక్కునే మన పెద్దవాళ్లకు ఇది ఎంత నిశ్చింతో చెప్పలేను. పక్క దుప్పట్లు, బాత్రూము ఐదు రోజులూ శుభ్రంగా ఉన్నాయి.

ఇక తిండి. ఈ హోటల్‌కి నేను మనసారా మార్కులు వేసేది ఇక్కడే. గది అద్దెలోనే పొద్దున్న టిఫిను, రాత్రి భోజనం కలిసి ఉంటాయి. వండేది హోటలావిడే. అత్తయ్యగారు శాకాహారి. ఎర్ర కందిపప్పు సూపు, ఆలివ్ నూనెలో టమాటాలతో మగ్గించి చల్లారాక తినే చిక్కుళ్లు, వేయించిన వంకాయ, గడ్డపెరుగు, బుల్గూర్ అన్నం. బుల్గూర్ అంటే గోధుమలు ఉడికించి, ఎండబెట్టి, విరిచిన రవ్వ. రెండో రాత్రి అత్తయ్యగారు సంచిలోంచి కందిపొడి తీసి, ఆ రవ్వలో వేసి, నెయ్యి బదులు ఆలివ్ నూనె పోసి కలిపారు. హోటలావిడ ప్లేటు వంక చూస్తూ నిలబడిపోయింది. అత్తయ్యగారు ఒక ముద్ద చేసి ఆవిడ అరచేతిలో పెట్టారు. ఇద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. మర్నాడు మా టేబుల్ మీద ఎండుమిరప తునకల గిన్నె అడక్కుండానే వచ్చింది.

బయట హోటళ్లలో మాత్రం జాగ్రత్త. పప్పు సూపుని మాంసం ఉడికించిన నీళ్లతో చేసే చోట్లున్నాయి, అడిగి తినాలి. ‘మాంసం వద్దు’ అంటే కోడి పెట్టినా పెట్టొచ్చు, అందుకే కోడి కూడా వద్దని విడిగా చెప్పాలి. టిఫినులో ఇచ్చే ముగ్లా పైన్ తేనె వదలకండి. అది పువ్వుల తేనె కాదు. పైన్ చెట్ల మీద బతికే చిన్న పురుగులు విడిచే తీపి రసాన్ని తేనెటీగలు సేకరించి చేసేది. రంగు ముదురుగా ఉంటుంది, తీపి కాస్త తక్కువ.

బీచ్‌లలో రెండు గురించి చెప్తాను. ఓలూదెనిజ్ పెద్ద బీచ్, బెల్జెకిజ్, ఫోటోల్లో ఎంత బాగుంటుందో అంత బాగానే ఉంది, కానీ గులకరాళ్లు కాళ్లకు గుచ్చుకుంటాయి. నాలుగడుగులు వేయగానే లోతు. నీళ్లలో వేసుకునే బూట్లు కొనుక్కోండి. దాని చివర ప్రవేశ రుసుము ఉన్న నీలి మడుగు మాకు ఎక్కువ నచ్చింది. ఓలూదెనిజ్ అంటేనే ‘చచ్చిన సముద్రం’, బయట తుఫానున్నా ఈ మడుగు కదలదని ఆ పేరు. బందరు దగ్గర మంగినపూడి నల్లమట్టి తీరం చూసి పెరిగిన అత్తయ్యగారు నడుం లోతు నీళ్లలో నిలబడి, కిందకి చూసి, “నా మెట్టెలు కనిపిస్తున్నాయే!” అన్నారు. మన తీరంలో కృష్ణ, గోదావరి తెచ్చే ఒండ్రు నీళ్లను కలిపేస్తుంది. ఇక్కడ అంత పెద్ద నదులు లేవు, నీళ్లలో నాచు పెరగడానికి కావలసిన పోషకాలూ తక్కువే, అందుకే అంత తేటగా ఉంటాయి. పాప మధ్యాహ్నం రెండింటి దాకా బయటికి రాలేదు.

ఒక పూట కయాకోయ్ అనే పాడుబడ్డ ఊరికి వెళ్లాం. 1923లో గ్రీస్, టర్కీ ప్రజలను మార్చుకున్నప్పుడు ఇక్కడి గ్రీకు క్రైస్తవులు ఊరు వదిలి వెళ్లిపోయారు. కొండవాలు పొడవునా పైకప్పుల్లేని వందల రాతి ఇళ్లు ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ఒక ఇంట్లో పొయ్యి గూడు మసితో సహా మిగిలి ఉంది. అత్తయ్యగారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. ఎండ విపరీతం, నీడ లేదు, పొద్దున్నే వెళ్లండి. మావారు బాబాదా మీంచి పారాగ్లైడింగ్ చేశారు. మేము 2021లో మొదలైన కేబుల్ కారులో పైకి వెళ్లి చూశాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ మొత్తం ప్రాంతంలో ఇంత సుఖమైన కొండ ప్రయాణం లేదు.

ధరలు రాయడం లేదు. లిరా విలువ ఎంత త్వరగా పడుతుందంటే నేను రాసిన అంకె మీరు వెళ్లేసరికి తప్పవుతుంది.

పెద్దవాళ్లతో వెళ్తే ఓలూదెనిజ్ దగ్గరి ఊళ్లు ఒవజక్‌లోనో హిసారొనులోనో మెట్లు లేని చోటు తీసుకోండి. కేబుల్ కారు ఒవజక్ దగ్గరే ఎక్కాలి, డోల్ముష్‌లు తరచుగా దొరుకుతాయి. ఫరల్యాకి ఒక సాయంత్రం వచ్చి భోంచేసి వెళ్లొచ్చు. భార్యాభర్తలిద్దరే అయితే, నడక ఇష్టమైతే, ఫరల్యాలోనే ఉండండి. తీరం వెంబడి రోజుల తరబడి నడిచే లిసియన్ కాలిబాట ఊళ్లోంచే వెళ్తుంది. బుక్ చేసేముందు రెండు ప్రశ్నలు రాసి పంపండి: రోడ్డు నుంచి గదికి ఎన్ని మెట్లు, రోడ్డు మట్టంలో గది ఉందా.

మా హోటల్లో అలాంటి గది ఉంది. మూడో రోజు అత్తయ్యగారు నడుస్తున్న తీరు చూసి, మేం అడక్కముందే హోటలావిడ మా సామాను కిందికి మార్పించింది, అదనంగా డబ్బు తీసుకోలేదు. ఆ గదిలోంచి సముద్రం కనిపించదు. అందుకని అత్తయ్యగారు రోజూ సూర్యాస్తమయానికి గంట ముందే బయల్దేరి, మధ్యలో రెండుసార్లు ఆగి, భోజనాల డాబా దాకా ఎక్కేవారు. ద్రాక్ష పందిరి కింద చివరి కుర్చీ ఆవిడది.