డిస్కౌంట్ బోర్డు తీసేసిన మెడికల్ షాపు: 4/5

తణుకులో మా ఇంటికి దగ్గరగా ఉన్న మెడికల్ షాపు గురించి రాస్తున్నాను. పేరు కావాలనే రాయడం లేదు. చదివితే ఎందుకో మీకే తెలుస్తుంది.

ముందు షాపు సంగతి. అమ్మకి నెలనెలా మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టాన్, ఇన్సులిన్ ఇక్కడే కొంటాను. ఇన్సులిన్ ఫ్రిజ్‌లోంచి తీసి, "ఎంత దూరం వెళ్ళాలండీ?" అని అడిగి ఐస్ ప్యాక్ పెట్టి ఇస్తారు. షీటు కత్తిరించి ఆరు మాత్రలే అడిగినా మొహం మాడ్చుకోరు. బిల్లు అడక్కుండానే వస్తుంది, దాని మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉంటాయి. చీటీలో రాసిన కంపెనీ లేకపోతే వేరేది అంటగట్టరు, "డాక్టరు గారిని ఒక మాట అడిగి రండి" అంటారు. ఇబ్బందల్లా ఇరుకే. బండి పెట్టుకోవడానికి చోటు లేదు, సాయంత్రం పూట కంప్యూటర్ ఒక్కటే కావడంతో నిలబడాల్సిందే.

ఇక అసలు విషయం. గుమ్మం పక్కన "అన్ని మందులపై 10% తగ్గింపు" అని బోర్డు ఉండేది. ఈమధ్య అది కనపడలేదు. బిల్లు చూస్తే నాకు 10 శాతం మామూలుగానే తగ్గింది. ఏంటండీ కథ అని అడిగితే, మిగతా కస్టమర్లు వెళ్ళేదాకా ఆగి చెప్పాడు ఓనరు. ఊళ్ళో షాపుల వాళ్ళంతా కూర్చుని ఇకమీదట ఎవరూ డిస్కౌంట్ ఇవ్వకూడదని అనుకున్నారట. కాదంటే స్టాకిస్టుల (షాపులకి మందులు సరఫరా చేసే టోకు వ్యాపారుల) దగ్గర సరుకు ఆలస్యమవుతుందని ఒకాయన నవ్వుతూనే అన్నాడట. అందుకని బోర్డు తీసేసి, పాత కస్టమర్లకి మాత్రం చప్పుడు చేయకుండా ఇస్తున్నాడు.

నేను టెంట్ హౌస్ నడుపుతాను. పెళ్ళిళ్ళ సీజన్ వస్తోందంటే మా వాళ్ళు కూడా కుర్చీకి ఇంత, షామియానాకి ఇంత అని మాట్లాడుకుందాం రమ్మంటారు. కాబట్టి మీటింగులో ఏం మాట్లాడి ఉంటారో ఊహించగలను. వాళ్ళ బాధలోనూ నిజం ఉంది. ధరల నియంత్రణలో ఉన్న మందుల మీద కేంద్రం 2013లో ఇచ్చిన మందుల ధరల ఉత్తర్వు ప్రకారం చిల్లర షాపుకి మార్జిన్ 16 శాతం, అదీ కొన్న ధర మీద. పన్నులు పక్కన పెడితే 100కి కొన్నది 116కి అమ్మాలి. దాంట్లో 10 శాతం తగ్గిస్తే మిగిలేది నాలుగు రూపాయల నలభై పైసలు. అందులోనే అద్దె, కరెంటు, ఫార్మసిస్టు జీతం! చెయిన్ షాపులు, యాప్‌లు ఇంతకంటే ఎక్కువ తగ్గిస్తుంటే, చిన్నవాళ్ళు వాళ్ళలో వాళ్ళు కొట్టుకుని మూతపడాలా అనేది ఊళ్ళో మందుల షాపుల సంఘం వాదన.

అయినా నేను ఒప్పుకోను. ఎంఆర్పీ అంటే అంతకు మించి అమ్మకూడదని. అంతకు తక్కువకి అమ్మకూడదని ఎక్కడా లేదు. పోటీదారులు కలిసి ధర కట్టడి చేయడం 2002 నాటి కాంపిటిషన్ చట్టం మూడో సెక్షన్ కింద తప్పు, అది కంపెనీలకే కాదు, వర్తక సంఘాలకీ వర్తిస్తుంది. సంఘం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) లేనిదే స్టాకిస్టుకి సరుకు ఇవ్వనివ్వకపోవడం, మార్జిన్లు కట్టడి చేయడం లాంటివాటి మీద 2013లో అఖిల భారత కెమిస్టుల సంఘానికే కాంపిటిషన్ కమిషన్ 47 లక్షల పైచిలుకు జరిమానా వేసింది. చెయిన్ షాపు మీద కోపం ఉంటే ఉండొచ్చు. ఆ కోపానికి డబ్బులు కట్టేది మాత్రం షుగర్ మాత్రలు కొనుక్కునే ముసలమ్మ.

అలాగని సంఘం అంటేనే చెడ్డదనీ అనలేను. రాత్రిపూట ఏ షాపు తెరిచి ఉండాలో వంతులు వేసుకున్నదీ వీళ్ళే. మొన్న అమ్మ ఇన్సులిన్ ఇక్కడ అయిపోతే, ఎదురు షాపుకి ఫోన్ చేసి కుర్రాణ్ణి పంపి తెప్పించారు. డిస్కౌంట్ మీద గట్టిగా మాట్లాడింది ఆ ఎదురు షాపాయనేనట! మందు దొరకడానికి కలవండి, ఎవరూ వద్దనరు. రేటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరి లెక్క వాళ్ళు చూసుకోవాలి.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, ఓనరు పట్టిన దారి నాకు సగమే నచ్చింది. అందరి ముందూ తలూపి, చాటుగా తెలిసినవాళ్ళకి ఇవ్వడం వల్ల కొత్తగా వచ్చినవాళ్ళు పూర్తి ఎంఆర్పీ కడుతున్నారు. పక్క ఊరి నుంచి పెద్దాసుపత్రికి వచ్చినవాళ్ళకి ఈ సంగతి ఎలా తెలుస్తుంది? అదే మాట ఆయనతో అన్నాను. "సరుకు ఆపేస్తే మీ అమ్మగారికి నేనేం ఇవ్వనండీ?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, స్టార్ మాత్రం వెనక్కి ఇవ్వను. మీటింగులోనే "నా రేటు నా ఇష్టం" అని ఉంటే అయిదూ ఇచ్చేవాణ్ణి.

మీ ఊళ్ళోనూ ఇలాంటి షాపు ఉండొచ్చు. బోర్డు లేదు కదా అని ఊరుకోకండి. బిల్లు కొట్టకముందే, పక్కన ఎవరూ లేనప్పుడు "నెలనెలా తీసుకుంటాం, ఏమైనా తగ్గిస్తారా?" అని అడిగి చూడండి. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి.